తొంభై రోజుల నోటీసు: నా రాజీనామా అనుభవం

2023 జులై 31, సోమవారం సాయంత్రం మా ఫైనాన్స్ మేనేజర్ గారి గదిలోకి వెళ్లి, ఉద్యోగం మానేయదలచుకున్నానని చెప్పాను. హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు తయారుచేసే ఆ కంపెనీలో, ఎకౌంట్స్ విభాగంలో చేరి అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది. నాన్నగారు పోయిన తరువాత అనకాపల్లిలో అమ్మ ఒక్కతే ఉంటోంది. ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగేంత దూరంలో, పరవాడ ఫార్మా సిటీలోని ఒక సంస్థలో నాకు ఉద్యోగం ఖాయమైంది. జీతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆఫర్ లెటర్ చేతికి అందేవరకు ఆఫీసులో ఎవరితోనూ ఈ సంగతి ఎత్తలేదు. అది అందిన మరుసటి పనిదినానే సార్‌కి చెప్పాను. నవంబరు 1న చేరతానని కొత్తవాళ్లకు మాట ఇచ్చాను.

సార్ కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆడిట్ నడుస్తోంది కదయ్యా, ఈ సెప్టెంబరు గడవనీ. అప్పటిదాకా ఈ మాట బయటికి రానివ్వకు" అన్నారు. నాకు పని నేర్పిన మనిషి ఆయన. సరేనని వచ్చేశాను. చేయకూడని పని చేశానని రెండు వారాల తరువాత గానీ నాకు తెలియలేదు.

ఆగస్టు 14న వేరే పని మీద హెచ్‌ఆర్ మేడమ్ దగ్గరికి వెళ్లినప్పుడు, నా చివరి పనిదినం ఎప్పుడవుతుందని మాటల్లో అడిగాను. ఆమె ఆశ్చర్యపోయి, "మీ లెటర్ ఏదీ నాకు రాలేదండీ. లెటర్ వచ్చిన రోజు నుంచే కదా నోటీసు లెక్క" అన్నారు. ఇంటికి వెళ్లి 2015 నాటి అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి చదివాను. ఉద్యోగి తొంభై రోజుల ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలని అందులో స్పష్టంగానే ఉంది. చేరిన రోజున సంతకం పెట్టిన ఆ కాగితాన్ని మళ్లీ తెరవడం అదే మొదటిసారి. జులై 31నే రాసి ఇచ్చి ఉంటే నోటీసు అక్టోబరు 28తో ముగిసేది, నవంబరు 1కి పరవాడలో ఉండేవాణ్ని. ఆగస్టు 14 నుంచి లెక్కిస్తే అది నవంబరు 11 వరకు వెళుతోంది. నోటితో చెప్పి ఊరుకున్నందుకు నేను పోగొట్టుకున్నది పద్నాలుగు రోజులు.

ఆ రాత్రే లెటర్ రాశాను. ఫలానా హోదా నుంచి రాజీనామా చేస్తున్నాననీ, అపాయింట్‌మెంట్ ఆర్డర్ ప్రకారం ఈ తేదీ నుంచి తొంభై రోజుల నోటీసు ఇస్తున్నాననీ, ఆ లెక్కన నా చివరి పనిదినం 2023 నవంబరు 11 అవుతుందనీ, ఈలోగా నా పనులన్నీ ఎవరికి అప్పగించాలో తెలియజేయమనీ రాసి, ఇన్నేళ్ల సహకారానికి ధన్యవాదాలు చెప్పి ముగించాను. ఫిర్యాదులుగానీ, కారణాల వివరణగానీ, కొత్త కంపెనీ పేరుగానీ అందులో లేవు. మొదట రాసిన ప్రతిలో పని ఒత్తిడి గురించి ఒక పేరా ఉంది. ఎన్నేళ్లయినా ఫైలులో ఉండిపోయే కాగితంలో దానికి చోటు లేదనిపించి తీసేశాను. చివరి తేదీని మాత్రం నేనే లెక్కగట్టి అంకెల్లో రాశాను, ఎందుకంటే తేదీ లేని రాజీనామాకు ఎవరి లెక్క వారికి ఉంటుంది. మెయిల్ సార్‌కి, హెచ్‌ఆర్‌కి కలిపి పంపాను, నా సొంత మెయిల్‌కు ఒక కాపీ పెట్టుకున్నాను. మర్నాడు స్వాతంత్ర్య దినోత్సవం, సెలవు. బుధవారం ఉదయం ప్రింటు తీసుకువెళ్లి, అందినట్లు తేదీ వేయించి సంతకం తీసుకున్నాను. సార్ కొంచెం నొచ్చుకున్నారు. ఆయన మాట కాదనడం నా ఉద్దేశం కాదనీ, అవతల ఇచ్చిన మాట కూడా ఉందనీ నెమ్మదిగా చెప్పాను.

తగ్గిన రోజుల సంగతి తేల్చుకోవడానికి నాకు మూడు దారులు కనిపించాయి. మిగిలిన ఆర్జిత సెలవుల్ని నోటీసులో సర్దమని అడగడం మొదటిది. మా కంపెనీ నిబంధన దానికి ఒప్పుకోదు. తగ్గిన రోజులకు జీతం కట్టి ముందే వెళ్లిపోవడం రెండోది. దీనిని గురించి ఒక మాట చెప్పాలి. ఇలా పట్టుకునే నోటీసు సొమ్ము మీద జీఎస్టీ వేయాలా అన్న సందేహం చాలా ఆఫీసుల్లో ఉండేది. వేయనక్కర్లేదని 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. ఎవరి లెక్కలోనైనా ఆ పద్దెనిమిది శాతం జీఎస్టీ కనిపిస్తే తప్పక ప్రశ్నించాలి. అయితే డబ్బు కడతానన్నా ఒప్పుకోవాలో లేదో కంపెనీ ఇష్టమే, పైగా ఆడిట్ రోజుల్లో అడగడం నాకు న్యాయంగా తోచలేదు. మిగిలింది, జరిగింది జరిగినట్లు కొత్త సంస్థకు రాయడం. నా పొరపాటు వల్ల ఆలస్యమైందనీ, నోటీసు పూర్తి చేసి, విడుదల చేసినట్లు పాత సంస్థ ఇచ్చే రిలీవింగ్ లెటర్‌తో వస్తాననీ రాశాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. నవంబరు 15కి మార్చారు. ఆ రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టలేదు.

రాజీనామాను అంగీకరించినట్లు కంపెనీ నుంచి జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఈలోగా రెండుసార్లు గుర్తు చేయవలసి వచ్చింది. మధ్యలో డైరెక్టర్ గారు పిలిచి జీతం పెంచుతానన్నారు. అమ్మ సంగతి చెప్పగానే ఆయన మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. నిజమైన కారణం ఒకటే ఉన్నప్పుడు దాన్ని ఒకే మాటలో చెప్పడం మేలని ఆ రోజు అనిపించింది. నాలుగు కారణాలు చెబితే నాలుగింటికీ బేరం మొదలయ్యేది.

ఇక అప్పగింతలు. మూడు నెలల్లో నా శక్తి ఎక్కువగా ఖర్చయింది దీని మీదే. ఎకౌంట్స్ పని బయటివారికి పుస్తకాల పనిలా కనిపిస్తుందిగానీ, అసలు అది తేదీల పని. ప్రతి నెలా 7వ తేదీకి టీడీఎస్ (జీతాలు, బిల్లుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను) కట్టాలి, 10కి వృత్తి పన్ను, 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను), 15కి పీఎఫ్, ఈఎస్‌ఐ, 20కి జీఎస్టీఆర్-3బీ (ఆ నెల పన్ను లెక్క తేల్చే రిటర్ను). వీటికి తోడు ఆ సెప్టెంబరు 30కి ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు, అక్టోబరు 31కి కంపెనీ ఆదాయ పన్ను రిటర్ను, అదే రోజుకు జులై-సెప్టెంబరు టీడీఎస్ స్టేట్‌మెంటు. నా బదులు ఎవరినీ ఇంకా తీసుకోలేదు. నా దగ్గర మూడేళ్లుగా పనిచేస్తున్న జూనియర్ కుర్రాడికే చూసుకోమని చెప్పారు. అతనికి పని తెలుసు, కానీ ఏ పని ఎందుకు అలా చేస్తున్నామో తెలియదు. ఫలానా సరఫరాదారు బిల్లు ప్రతి నెలా ఎందుకు ఆపి చూస్తాం, ఫలానా ఖాతాలో పాత నిల్వ ఎందుకు ఉండిపోయింది, ఏ ఆఫీసు నోటీసుకు ఏమని జవాబిచ్చాం, ఇవన్నీ నా తలలోనే ఉన్నాయి. అందుకని రోజూ సాయంత్రం ఒక అరగంట కూర్చుని, ఆ రోజు చేతికి వచ్చిన పనినే ఆధారంగా తీసుకుని, దాని వెనుక కథ ఒక నోట్‌బుక్కులో రాస్తూ పోయాను. ఒకేసారి కూర్చుని రాద్దామనుకుంటే సగం విషయాలు గుర్తుకు రావు. పని ఎదురైనప్పుడే దానికి సంబంధించిన చిక్కు గుర్తుకు వస్తుంది. నవంబరు నాటికి అది ఎనభై పేజీలయింది.

నాకు బాగా భయం వేసిన విషయం వేరే ఉంది. జీఎస్టీ, ఆదాయ పన్ను, టీడీఎస్, పీఎఫ్, ఈఎస్‌ఐ, వృత్తి పన్ను, రెండు బ్యాంకులు, ఇన్ని చోట్లా ఎప్పుడో సౌకర్యం కోసం నా సొంత సెల్ నంబరు ఇచ్చి ఉంది. పాస్‌వర్డ్ మార్చాలన్నా, కొన్ని చోట్ల లోపలికి వెళ్లాలన్నా ఓటీపీ నా ఫోనుకే వస్తుంది. డైరెక్టర్ గారి డిజిటల్ సంతకం ఉన్న టోకెన్ (పెన్ డ్రైవ్ లాంటి పరికరం) నా సొరుగులో ఉంది. నేను వెళ్లిపోయిన తరువాత కూడా కంపెనీ తాళాలు నా జేబులో ఉండడమే ఇది, కంపెనీకీ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. సెప్టెంబరు మొదట్లోనే ఒక జాబితా రాసి సార్ ముందు పెట్టి, కంపెనీ పేరు మీద ఒక సిమ్ తీసుకోమని కోరాను. తీసుకున్నారు. ఒక్కొక్క చోట నంబరు, మెయిల్ మార్పించుకుంటూ వచ్చాం. జీఎస్టీలో అది సవరణ దరఖాస్తుతో ఆన్‌లైన్‌లోనే అయిపోయింది. బ్యాంకుల్లో బోర్డు తీర్మానం కాపీ అడిగారు కాబట్టి మూడు వారాలు పట్టింది. టోకెన్‌ను డైరెక్టర్ గారి చేతికే ఇచ్చి, ఏ తేదీన ఇచ్చానో కాగితం మీద సంతకం తీసుకున్నాను.

అక్టోబరు 20, శుక్రవారం, జీఎస్టీఆర్-3బీ గడువు. ఆ రోజు నా ఫోను స్విచాఫ్ చేసి సొరుగులో పెట్టి, కుర్రాడిని నా కుర్చీలో కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. మధ్యలో ఒకచోట ఆగి, "అన్నా, ఈ క్రెడిట్ ఈ నెల తీసుకోవచ్చా?" అన్నాడు, కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని మా పన్నులోంచి తగ్గించుకోవడం గురించి. నోట్‌బుక్కులో చూడమన్నాను. వెతుక్కుని, తనే నిర్ణయించుకుని, డైరెక్టర్ గారితో సంతకం చేయించి, సాయంత్రం ఐదు లోపల రిటర్ను వేశాడు. అతనికంటే నాకే ఎక్కువ సంతోషం కలిగింది. నోటీసు అనే మాటకు వెళ్లబోయే ముందు గడిపే రోజులని అర్థం అని అంతవరకూ అనుకునేవాణ్ని. నేను లేని ఆఫీసును నా ఎదుటే ఒకసారి నడిపి చూడడానికి ఇచ్చిన గడువు అదని అప్పుడు అర్థమైంది.

నవంబరు 11, శనివారం బాకీలేమీ లేవని రాయించుకునే నో డ్యూస్ కాగితం పట్టుకుని ఐటీ, స్టోర్స్, అడ్మిన్ విభాగాలన్నీ తిరిగి సంతకాలు చేయించాను. ల్యాప్‌టాప్, గుర్తింపు కార్డు ఇచ్చేసి, ఇచ్చినట్లు రసీదు తీసుకున్నాను. జీతం స్లిప్పులు, ఫారం 16లు (ఏడాది జీతం, పట్టిన పన్ను చూపే పత్రాలు) అంతకు వారం ముందే నా దగ్గర దాచుకున్నాను, ఆఫీసు మెయిల్ ఆ సాయంత్రమే మూసేస్తారు కాబట్టి. గ్రూపు ఆరోగ్య బీమా కూడా ఆ రోజుతోనే ఆగిపోతుంది. అమ్మకు విడిగా ఒక పాలసీ అక్టోబరులోనే తీసుకున్నాను. రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం చేతికి ఇచ్చారు. ఆ రాత్రి రైలెక్కి, మర్నాడు దీపావళికి ఇంటికి చేరాను.

తుది లెక్క నవంబరు చివర మెయిల్లో వచ్చింది. గ్రాట్యుటీని (ఏళ్ల సర్వీసుకు కంపెనీ చివర ఇచ్చే సొమ్మును) ఎనిమిదేళ్లకు లెక్కగట్టి 1,44,000 రూపాయలు వేశారు. నేను 2015 మార్చి 9న చేరాను, అంటే సర్వీసు ఎనిమిదేళ్ల ఎనిమిది నెలలు. అప్పటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం చివరి నెల జీతాన్ని (నా విషయంలో బేసిక్ జీతాన్ని) 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. చివర ఆరు నెలలకు మించి ఉంటే దాన్ని పూర్తి సంవత్సరంగా తీసుకోవాలి. నా బేసిక్ 31,200. 26తో భాగిస్తే 1,200, పదిహేను రోజులకు 18,000, తొమ్మిదేళ్లకు 1,62,000. ఈ లెక్కను చట్టంలోని నిబంధనతో సహా మర్యాదగా రాసి పంపాను. హెచ్‌ఆర్ మేడమ్ వెంటనే ఫోన్ చేసి, "మీరు చెప్పిందే సరైందండీ, సరిచేస్తాం" అన్నారు. డిసెంబరు 8న, చట్టం చెప్పిన ముప్ఫై రోజుల లోపలే, పూర్తి మొత్తం పడింది. అడగకపోతే పద్దెనిమిది వేలు వదులుకునేవాణ్ని. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, కంప్యూటరులో సంవత్సరాల గడిలో పైనున్న నెలల్ని ఎవరో వదిలేశారు, అంతే.

పీఎఫ్ డబ్బు తీసేసుకోమని బంధువులు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. పీఎఫ్ ఖాతాతో పాటు వచ్చే పెన్షనుకు పదేళ్ల సర్వీసు కావాలి. నాకు ఎనిమిదేళ్లు పైబడి ఉంది, పెన్షను భాగం వెనక్కి తీసుకుంటే ఆ ఏళ్లన్నీ పోతాయి. పాత కంపెనీ నా నిష్క్రమణ తేదీని పోర్టల్‌లో నమోదు చేసిందో లేదో డిసెంబరులో చూసుకుని, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) ద్వారా బదిలీకి దరఖాస్తు పెట్టాను. ఫిబ్రవరికి డబ్బు కొత్త ఖాతాలో కనిపించింది. కొత్త సంస్థలో చేరిన వారంలోనే, ఏప్రిల్ నుంచి నవంబరు వరకు పాత చోట వచ్చిన జీతం, పట్టిన పన్ను వివరాలను ఫారం 12బీలో రాసి ఇచ్చాను. ఇవ్వకపోతే ఇద్దరూ విడివిడిగా ఆ ఏడాదికి ఉన్న 50,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి నేరుగా తీసేసే తగ్గింపు), పన్ను లేని పరిమితి లెక్కేసేవారు, రిటర్ను వేసే నాటికి ఒక్కసారిగా పన్ను నెత్తిన పడేది.

2024 జూన్‌లో పాత కంపెనీ నుంచి ఆ ఏడాది ఫారం 16 మెయిల్లో వచ్చింది. పంపింది ఆ కుర్రాడే. రిలీవింగ్ లెటర్ ఉన్న ఫైలులోనే దాన్నీ పెట్టాను. వాళ్ల నుంచి నాకు రావలసిన కాగితాల్లో అదే చివరిది.