స్కూలు గోడమీది పేర్లు, మా ఇంటి సంగతులు

పూర్వ విద్యార్థుల సంచికకి వ్యాసం అనగానే దానికో పద్ధతి ఉంది. ముందు స్కూలు పుట్టిన సంవత్సరం, తర్వాత పేరుమోసిన వాళ్ళ జాబితా, చివర్లో మాస్టార్లకి నమస్కారాలు. బర్మింగ్‌హామ్ కింగ్ ఎడ్వర్డ్స్ స్కూల్లో చదివినవాడికి ఆ జాబితా రాయడం మహా సుఖం. పేర్లు వెతుక్కోనక్కర్లేదు, అవే వచ్చి మీద పడతాయి.

1552లో ఆరో ఎడ్వర్డ్ రాజు శాసనంతో మొదలైన బడి ఇది. ఊరి నడిబొడ్డున న్యూ స్ట్రీట్‌లో చార్లెస్ బారీ కట్టిన భవనంలో దాదాపు వందేళ్ళు నడిచి, 1936లో ఎడ్జ్‌బాస్టన్‌కి మారింది. ఆ పాత భవనం లోపలి పనితనంలో ప్యూజిన్ అనే కుర్రాడి చెయ్యి ఉంది. తర్వాత లండన్ పార్లమెంటు భవనం మీద పనిచేసింది కూడా ఈ జోడీయే. న్యూ స్ట్రీట్ భవనాన్ని కూలగొట్టేశారు గానీ, దాని మేడమీది నడవాని విప్పి తెచ్చి కొత్త చోట ప్రార్థనా మందిరంగా నిలబెట్టారు. ప్యూజిన్ చేయించిన పెద్ద చెక్క కుర్చీ కూడా వెంట వచ్చింది. పిల్లకాయలకి అది కుర్చీలా కాదు, కోర్టులా కనిపించేది.

నేను 1979లో ఎంట్రన్స్ రాసి చేరాను. నాన్నగారు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి, బర్మింగ్‌హామ్‌లోనే హ్యాండ్స్‌వర్త్ వైపు జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, ప్రాక్టీసు పెట్టుకున్నారు. అప్పట్లో మా స్కూలు పెద్దమనుషుల పేర్లు వింటుంటే ఎవరి ఇంటి పెళ్ళికో వచ్చినట్టుండేది. మనవాళ్ళు కారు కదా అని. పెద్దయ్యాక తెలిసింది, వాళ్ళలో ముగ్గురు నేను స్కూల్లో చేరకముందే ఏదో ఒక రకంగా మా ఇంటి గుమ్మం తొక్కారని.

మొదటివాడు విలియం స్లిమ్. తండ్రి ఇనుప సామాన్ల వ్యాపారి, వ్యాపారం చితికింది. యూనివర్సిటీకి పంపే స్తోమత లేదు. బీదపిల్లల బడిలో పంతులుగా, ఆ తర్వాత ఇనుప గొట్టాల కంపెనీలో గుమాస్తాగా పనిచేశాడు. 1914లో యుద్ధం రాకపోతే గుమాస్తాగానే రిటైరయ్యేవాడేమో. గల్లిపోలీలో గాయపడ్డాడు, తర్వాత ఇండియన్ ఆర్మీకి మారి గూర్ఖాలతో పనిచేశాడు. జీతం చాలక ఆంథొనీ మిల్స్ అనే మారుపేరుతో పత్రికలకి కథలు రాసుకునేవాడు. ఫీల్డ్ మార్షల్ అయిన మనిషి ఇంటి ఖర్చులకి కథలు అమ్ముకున్నాడన్నది నాకు ఆయన గెలిచిన యుద్ధాలకన్నా ఎక్కువ నచ్చిన సంగతి.

1942లో జపాన్‌వాళ్ళు తరుముతుంటే బర్మా నుంచి 900 మైళ్ళు సైన్యాన్ని వెనక్కి నడిపించి ఇంఫాల్ చేర్చినవాడు స్లిమ్. మళ్ళీ అదే బర్మాని 1945లో పద్నాలుగో సైన్యంతో తిరిగి పట్టుకున్నాడు. సిపాయిలు అంకుల్ బిల్ అనేవారు.

మా తాతయ్య తమ్ముడు, చిన్నతాత, యుద్ధం బర్మాకి వచ్చేనాటికి రంగూన్ రేవులో మూటలు మోస్తున్నాడు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మనవాళ్ళని చూసి బర్మాలో తెలుగువాళ్ళని కొరంగీలనే పిలిచేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక, లక్షలమంది కాలినడకన ఇండియా దారి పట్టారు. చిన్నతాత పైకి ఎగబాకి సరిహద్దు ఊరు తము మీదుగా మణిపురంలోకి వచ్చాడు. సైన్యం చివరికి బయటపడిందీ ఆ దారినే. సైన్యానికి సగం రేషనైనా ఉంది, చిన్నతాతకి అదీ లేదు. ఆ నడక గురించి అడిగితే మాట దాటేసేవాడు. చెప్పుల గురించి మాత్రం చెప్పేవాడు. లారీ టైరు కోసి కట్టుకున్న చెప్పులు కొండల్లో తెగిపోయాయట. ఆ తర్వాత జీవితమంతా చెప్పులు కొంటే రెండు జతలు కొన్నాడు. ఒక జత తొడిగేవాడు, రెండోది కాగితంలో చుట్టి మంచం కింద పెట్టేవాడు. స్కూల్లో స్లిమ్ గురించి మాస్టారు గొప్పగా చెబుతుంటే నాకు ఆ కాగితం పొట్లమే కళ్ళముందు ఆడేది.

రెండోవాడు జాన్ వేన్. సినిమా హీరో కాదు, మందుల శాస్త్రవేత్త. నేను స్కూల్లో ఉండగానే, 1982లో, ఈయనకి నోబెల్ వచ్చింది. ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్నగారి హుషారు అంతా ఇంతా కాదు. ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక బొమ్మ గీసి, నెయ్యి చేత్తోనే బాణాలు వేసి చెప్పారు. "ఆస్పిరిన్ 1899 నుంచి అమ్ముతున్నారురా. అది లోపలికెళ్ళి ఏం చేస్తుందో 1971 దాకా ఎవడికీ తెలీదు. ఒంట్లో నొప్పీ వాపూ తెప్పించే ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా ఆపుతుందని ఈయన తేల్చాడు. అంతదాకా మేమంతా తెలీకుండానే రాసిచ్చాం." అమ్మ కాగితం మీది నెయ్యి మరక వైపే చూస్తోంది.

వేన్ చిన్నప్పటి సంగతి ఆయనే రాసుకున్నాడు. పన్నెండో ఏట క్రిస్మస్‌కి కెమిస్ట్రీ సెట్టు కొనిచ్చారు. అమ్మ గ్యాస్ పొయ్యికి బర్నర్ తగిలించి వంటింట్లోనే ప్రయోగాలు. ఒకరోజు హైడ్రోజన్ సల్ఫైడ్ పేలి, కొత్తగా నీలం రంగు వేసిన గోడలు మురికి ఆకుపచ్చకి తిరిగాయి. తండ్రి తిట్టి ఊరుకోలేదు, పెరట్లో చెక్క షెడ్డు వేసి, గ్యాసూ నీళ్ళూ పెట్టించి, ఇక నీ గోల నువ్వు పడు అని వదిలేశాడు. ఇంత చేసినవాడికి తీరా యూనివర్సిటీకి వెళ్ళాక కెమిస్ట్రీ అంటే మొహం మొత్తింది. ఇంకేదైనా సరే, కెమిస్ట్రీ మాత్రం వద్దని ప్రొఫెసర్‌తో అంటే, ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఫార్మకాలజీకి పంపాడు.

తర్వాత బ్రెజిల్ నుంచి సెర్జియో ఫెరీరా అనే శాస్త్రవేత్త ఒక రక్తపింజరి జాతి పాము విషం సారం పట్టుకుని ఈయన ల్యాబ్‌కి వచ్చాడు. దానిమీద అక్కడ జరిగిన పని చివరికి బీపీ మాత్రలకి దారితీసింది. పేరు చివర ప్రిల్ అని ఉంటుందే, ఆ రకం. కాకినాడలో నాయనమ్మ మాత్రల డబ్బాలో పొద్దున వేసుకునేది ఒకటి, రాత్రి వేసుకునేది ఒకటి, రెండూ మా స్కూలు పిల్లాడి పుణ్యమే. ఆవిడకి చెబితే, "అయితే పాము విషం మింగిస్తున్నారా నాచేత" అని నాన్నగారిని రెండ్రోజులు సాధించింది.

మూడోవాడి గురించి రాయాలంటే కాస్త ఇబ్బంది. ఈనక్ పవెల్. తెలివిలో మా స్కూలు చూసిన మహా మేధావుల్లో ఒకడు. 25 ఏళ్ళకే సిడ్నీలో గ్రీకు ప్రొఫెసర్. యుద్ధంలో మామూలు సిపాయిగా చేరి బ్రిగేడియర్ అయ్యాడు. ఢిల్లీలో పనిచేస్తూ ఉర్దూ నేర్చుకున్నాడు, ఎప్పటికైనా వైస్రాయ్ కావాలని కలలు కన్నాడు. ఇండియాకి స్వతంత్రం ఇచ్చేస్తున్నారని తెలిసిన రాత్రి లండన్ వీధుల్లో తెల్లవార్లూ తిరిగానని చెప్పుకున్నాడు. 1960 నుంచి 1963 దాకా ఆరోగ్య మంత్రి. ఆ రోజుల్లో ఆసుపత్రుల్లో చాలామంది డాక్టర్లు మన ఉపఖండం వాళ్ళే.

అలాంటి మనిషి 1968 ఏప్రిల్ 20న, మా పాత స్కూలు నిలిచిన చోటికి కూతవేటు దూరంలో, మిడ్‌లాండ్ హోటల్లో నిలబడి వలస వచ్చినవాళ్ళకి వ్యతిరేకంగా ఆ పేరుమోసిన ప్రసంగం చేశాడు. టైబర్ నది నెత్తురుతో నురగలు కక్కుతోందన్న లాటిన్ కవి వర్జిల్ మాటని అందులో వాడుకున్నాడు. మర్నాడే ఆయన కన్జర్వేటివ్ పార్టీ నాయకుడు హీత్ ఆయన్ని షాడో కేబినెట్ నుంచి, అంటే ప్రతిపక్షం పెట్టుకునే నీడ మంత్రివర్గం నుంచి, తీసేశాడు. లండన్ రేవు కూలీలు మాత్రం ఆయనకి మద్దతుగా ఊరేగింపు తీశారు. మేం లాటిన్ క్లాసులో అదే వర్జిల్‌ని చదివాం. అంత చదువు చదివి దాన్ని ఇలా వాడాడేమిటన్న చిరాకు నాకు ఈరోజుకీ పోలేదు. ఆయన తెలివిని మెచ్చుకుంటూ ఆ ప్రసంగాన్ని చిన్న పొరపాటుగా చెప్పేవాళ్ళంటే ఇంకా చిరాకు.

నాన్నగారికి మాత్రం ఇదంతా రోజువారీ వ్యవహారం. ఆయన దగ్గరికి కీళ్ళనొప్పులతో ఒక ముసలావిడ వచ్చేది, తెల్లావిడ. ఓ రోజు బీపీ పట్టీ చుట్టించుకుంటూ, "పవెల్ చెప్పింది నిజమే డాక్టర్, వీళ్ళందర్నీ పంపించెయ్యాలి" అంది. నాన్నగారు గాలి కొడుతూనే, "మరి నేనూ సర్దుకోవాలా?" అని అడిగారు. ఆవిడ కంగారుపడిపోయింది. "మీరెందుకు? వచ్చే మంగళవారం నాకు అపాయింట్‌మెంట్ ఉంది కదా!" ఇంట్లో ఇది ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నామో. ఇప్పుడు తల్చుకుంటే అంత నవ్వు రావడం లేదు.

మిగతా పెద్దల సంగతి గబగబా చెప్పేస్తాను. మనుషుల్లో మేలుజాతిని పెంచాలన్న యూజెనిక్స్‌కి ఆ పేరు పెట్టిన ఫ్రాన్సిస్ గాల్టన్ మా స్కూలే, ఇక్కడి చదువంటే ఆయనకి అస్సలు పడలేదు. డీఎన్ఏ మీద పనికి 1962లో నోబెల్ పంచుకున్న మారిస్ విల్కిన్స్ కూడా మా స్కూలే. అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసి వచ్చి, తర్వాత సైన్సుకి సమాజంపట్ల బాధ్యత ఉండాలని గొంతెత్తినవాడు. ఒకే గోడమీద ఈ ఇద్దరి పేర్లూ పక్కపక్కన పెట్టుకుని ఎలా గర్వపడాలో నాకు తెలియదు. టీవీ కంపెనీలో ఉద్యోగం పోయాక నలభయ్యో ఏట అటూ ఇటూగా నవలలు మొదలుపెట్టి లోకమంతా చదివించిన లీ చైల్డ్ కూడా ఉన్నాడు.

లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్ గురించి ఈ సంచికలో ఎలాగూ పది వ్యాసాలు వస్తాయి. నాకు ఆయన కన్నా ఆయన జట్టు మీద మనసు. స్కూలు లైబ్రరీలో దొంగచాటుగా టీ కాచుకుని తాగిన నలుగురు కుర్రాళ్ళు. వాళ్ళలో రాబ్ గిల్సన్ సాక్షాత్తూ హెడ్మాస్టర్‌గారి కొడుకు, 1916 జూలై 1న, సోమ్ యుద్ధం మొదటిరోజునే చనిపోయాడు. జెఫ్రీ స్మిత్ ఆ డిసెంబరులో పోయాడు. మిగిలింది ఇద్దరు. టోల్కీన్ సంగతి అందరికీ తెలుసు. రెండోవాడు క్రిస్టఫర్ వైజ్‌మన్ టాంటన్‌లో ఒక స్కూలుకి హెడ్మాస్టర్‌గా పనిచేశాడు. టోల్కీన్ తన కొడుక్కి ఆయన పేరే పెట్టుకున్నాడు.

మా బ్యాచ్‌లో మన ఉపఖండం పిల్లల్లో ఎక్కువమంది డాక్టర్లయ్యారు. ఇళ్ళల్లో వేరే మాట ఎత్తనిస్తే కదా! ఇద్దరు అకౌంటెంట్లు. ఒకడు మెడిసిన్ మూడో ఏడు మానేసి రెస్టారెంట్ పెట్టాడు, వాళ్ళ నాన్న చాలాకాలం మాట్లాడలేదు, ఇప్పుడు కౌంటర్‌లో ఆయనే కూర్చుంటున్నాడు. నా పక్క బెంచీవాడు, లాంగ్‌బ్రిడ్జ్ కార్ల ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు, లెక్కల్లో మా అందరికన్నా ముందుండేవాడు. సిటీలోనే ఒక ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారుగా చేరి అక్కడే రిటైరయ్యాడు. సంచికకి నాలుగు ముక్కలు రాయరా అంటే, "నా గురించి రాయడానికి ఏముంది" అన్నాడు. పోయిన ఏడాది నాన్నగారికి మోకాలి ఆపరేషన్ చేసిన సర్జన్, నేను ఏ స్కూలో కనుక్కుని, మా బ్యాచ్ అని తెలిశాక అడిగిన మొదటి ప్రశ్న ఆ లెక్కల మాస్టారు బాగున్నారా అని. ఆ అమ్మాయికి లెక్కలు చెప్పింది వీడేనట.