మెథోట్రెక్సేట్ వాడుతుండగా మెడలో బిళ్ల కడితే: నా అనుభవం

కీళ్లవాతం రకమైన రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు, రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్‌ను వారానికి 15 మిల్లీగ్రాములు వేసుకుంటున్న రోజుల్లో నాకు మెడ పక్కన బిళ్ల కట్టింది. నొప్పి లేదు, వారాలు గడిచినా తగ్గలేదు. ఈ జబ్బున్నవాళ్లకు లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు రెట్టింపు. రెట్టింపైనా అరుదే. ఆ ముప్పును ఎక్కువగా పెంచేది ఏళ్ల తరబడి అదుపు తప్పిన వాపేనని 2006 నాటి స్వీడన్ అధ్యయనం చూపింది. కాబట్టి భయపడి మందు మానేయడం తెలివి కాదు.

మన దగ్గర మెడలో బిళ్లంటే ముందు టీబీనే అనుమానిస్తారు. సూదితో తీసే ఎఫ్‌ఎన్‌ఏసీలో విడి కణాలే వస్తాయి, గ్రంథి అల్లిక కనబడదు. లింఫోమా రకం తేల్చాలంటే వీలైతే బిళ్ల మొత్తం తీయడమే మేలు. తీసిన బిళ్లను ఏ సీసాల్లో వేయాలో సర్జన్‌తో ముందే మాట్లాడుకోవాలి. మొత్తం ఫార్మలిన్‌లో (కణజాలం పాడవకుండా ఉంచే ద్రవం) వేసేస్తే టీబీ క్రిములు చచ్చిపోయి, క్రిములను పెంచి చూసే కల్చర్‌లో ఏమీ పెరగదు. అందుకే నాకు ఒక ముక్కను ఫార్మలిన్‌లో వేసి, రెండోదాన్ని స్టెరైల్ సెలైన్‌లో సీబీనాట్‌కు (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష), కల్చర్‌కు పంపారు. పాథాలజీ ఫారం మీద మెథోట్రెక్సేట్ వాడుతున్నట్టు రాయించాం. ఈ మందు వాడేవాళ్లలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల ఇలాంటి గడ్డలు రావచ్చు; ఆ ఒక్క మాట లేకపోతే గడ్డలో ఆ వైరస్‌ను పట్టే ఈబర్ పరీక్ష ఎవరికీ తట్టకపోవచ్చు. బయాప్సీకి ముందు కీళ్ల నొప్పులకని స్టెరాయిడ్ పెంచినా చిక్కే: బిళ్ల కుంచించుకుపోయి రిపోర్టు తేలదు.

నాకు టీబీ లేదు, ఈబర్ పాజిటివ్: మెథోట్రెక్సేట్ వాడేవాళ్లలో ఆ వైరస్‌తో ముడిపడి వచ్చే లింఫోమా రకం గడ్డ అని తేలింది. ఈ రకంలో కొందరికి మెథోట్రెక్సేట్ ఆపితే చాలు, గడ్డలు వాటంతట అవే తగ్గుతాయి. తగ్గకపోతే కీమో. ఆపే నిర్ణయం రుమటాలజిస్టు (కీళ్ల డాక్టరు), హెమటాలజిస్టు (రక్తవ్యాధుల డాక్టరు) కలిసి తీసుకున్నారు. జబ్బు ఎక్కడెక్కడ ఉందో చూపే పెట్ స్కాన్‌కు ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదు. వాచిన కీళ్లు కూడా అందులో వెలుగుతాయి కాబట్టి ఏ కీళ్లు నొప్పిగా ఉన్నాయో ముందే చెప్పాను.

కొన్ని వారాల్లో బిళ్ల కరిగింది, కీళ్లు మాత్రం మళ్లీ పట్టేశాయి. కీళ్లకు హైడ్రాక్సీక్లోరోక్విన్, కొద్దిపాటి స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్‌తో నెట్టుకొస్తున్నాను. చాలకపోతే బి కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ ఇస్తామన్నారు. దానికి ముందు హెపటైటిస్ బి చూడాలి. ఇప్పుడున్న ఇన్ఫెక్షన్‌ను చూపే హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే సరిపోదు, పాతదాన్ని కూడా పట్టే యాంటీ-హెచ్‌బీసీ కూడా చేయించాలి. పాత ఇన్ఫెక్షన్ మొదటి పరీక్షలో దొరక్కపోయినా ఈ మందుతో తిరగబెట్టగలదు.

చెకప్‌లు ఆగలేదు, ఎందుకంటే ఇది కొందరికి తర్వాత తిరిగొస్తుంది. జ్వరం, రాత్రి బట్టలు తడిసేంత చెమట, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం: వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగొద్దన్నారు.