కోబాల్ట్ కణాలు తయారైనా టెమ్ గదిలోకి రానివ్వలేదు

నిన్న సాయంత్రం టెమ్ (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలు చేతికొచ్చాయి. కోపం ఇంకా చల్లారలేదు. ఐరన్, కోబాల్ట్ నానోకణాల మీద పీహెచ్‌డీ చేసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

తయారీకి పెద్దగా తిప్పలు పడక్కర్లేదు. ఒలీయిక్ ఆసిడ్ కలిపిన డైక్లోరోబెంజీన్‌ను ఆర్గాన్‌లో 180 డిగ్రీల దాకా మరిగించి, డైకోబాల్ట్ ఆక్టాకార్బొనిల్ (కోబాల్ట్, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన పదార్థం) ద్రావణాన్ని సిరంజితో ఒక్క ఊపున లోపలికి కొట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ బుసబుసా పొంగి, ద్రవం కాటుకలా నల్లబడుతుంది. విషవాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా దీని జోలికే వెళ్లొద్దు.

అసలు నరకం టెమ్ దగ్గర. ఫారంలో 'మాగ్నెటిక్' అన్న గడిలో టిక్కు చూడగానే ఆపరేటరు గారు నా గ్రిడ్ల (శాంపిల్ ఉంచే చిన్న జాలీ బిళ్లల) డబ్బాను బల్ల మీద వెనక్కి తోసేశారు. "తీసుకెళ్లమ్మా. లెన్సు పాడైతే డబ్బు నువ్వు కడతావా?" వెనకాల మా జూనియర్లు నిలబడి ఉన్నారు. తల కొట్టేసినట్టయింది. ఆయన భయంలో నిజం లేకపోలేదు. శాంపిల్ దగ్గర లెన్సు అయస్కాంత క్షేత్రం దాదాపు 2 టెస్లా ఉంటుంది, వదులు పొడి ఎగిరి లోపల అంటుకుంటే కష్టమే. కానీ నావి ఒలీయిక్ ఆసిడ్ పూత ఉన్న 10 నానోమీటర్ల కణాలు, గ్రిడ్ మీది కార్బన్ పొరకు పలచగా అతుక్కుని ఉన్నాయి. నియోడిమియం అయస్కాంతం దగ్గర పెట్టి చూపిస్తానన్నా చూడలేదు. రూలు కాగితం మీద చూపించమంటే, అలాంటి కాగితమే లేదు! టిక్కు పెట్టకుండా ఇచ్చేసేవాళ్లు హాయిగా ఫొటోలు తెచ్చుకుంటున్నారు. నిజం రాసినవాళ్లకే ఈ శిక్ష.

చివరికి మా గైడ్ ఉత్తరం, మడత గ్రిడ్ (శాంపిల్‌ను రెండు జాలీల మధ్య మూసి పట్టేది) పట్టుకెళ్తే ఒప్పుకున్నారు.

ఈలోగా మాటిమాటికీ సీసా తెరిచి కొత్త గ్రిడ్లు చేయాల్సి రావడంతో కణాలకు గాలి తగిలింది. స్క్విడ్‌లో (అయస్కాంతత్వం కొలిచే మిషన్) అయస్కాంత క్షేత్రం పెట్టి 10 కెల్విన్‌కు చల్లబరిస్తే హిస్టెరిసిస్ లూపు (క్షేత్రం పెంచి తగ్గిస్తుంటే అయస్కాంతత్వం గ్రాఫులో గీసే వలయం) ఎడమకు జరిగింది. ల్యాబులో అందరూ మిషన్ తప్పన్నారు. ఆక్సైడ్ పొర అని నేనే పట్టుకున్నా. ఆక్సీకరణ చెందిన కోబాల్ట్ కణాల్లో మైకిల్‌జాన్, బీన్ 1956లో చూపించింది ఇదే: పైనున్న కోబాల్ట్ ఆక్సైడ్ లోపలి కోబాల్ట్ దిశను పట్టి ఉంచుతుంది. నిన్నటి ఫొటోల్లో నల్లటి గింజ, చుట్టూ లేత అంచు స్పష్టంగా ఉన్నాయి.

మీరు మాత్రం ఉత్తరం ముందే రాయించుకోండి. స్క్విడ్ శాంపిల్‌ను గాలి తగలని గ్లోవ్ బాక్సులోనే సీల్ చేయండి, టెమ్ కోసం వేరే సీసా ఉంచుకోండి.