23 మినీడీవీ క్యాసెట్లు, మూలిగే కెమెరా ఒకటి

మా బీరువా పై అరలో, చెప్పులు వచ్చిన అట్టపెట్టె ఒకటి 23 మినీడీవీ క్యాసెట్లతో (పాత చేతి వీడియో కెమెరాల్లో వేసే చిన్న టేపులు) చాలా ఏళ్లుగా ఉంది. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ప్రతి సెలవుల్లోనూ అనుకోవడం, సెలవులు అయిపోగానే మరిచిపోవడం నాకు అలవాటైపోయింది. ఈసారి పనికి పూనుకోవడానికి కారణం క్యాసెట్ల మీద బెంగ కన్నా కెమెరా మీద బెంగే. చల్లని, పొడి చోట దాచిన టేపు ఇంకొన్నేళ్లు ఓపిక పట్టవచ్చు గాని, దాన్ని చదవగల కామ్‌కార్డర్లను ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు కాబట్టి, మన దగ్గరున్నది మొరాయించిన రోజున టేపు ఎంత బాగున్నా అది ఉత్త ప్లాస్టిక్ చుట్టే. మా కెమెరా అప్పటికే రెండు మూడు సార్లు మూలిగితే గాని క్యాసెట్ తలుపు మూసుకోవడం లేదు.

కొన్నేళ్ల క్రితం ఒక దుకాణంలో రెండు క్యాసెట్లు ఇచ్చి చూశాను. వాళ్లు కెమెరా నుంచి వచ్చే పసుపు రంగు వీడియో తీగను డీవీడీ రికార్డరుకు తగిలించి, ఆడుతున్న బొమ్మను మళ్లీ రికార్డు చేసి, డిస్కు చేతిలో పెట్టారు. అందులో ఎర్రటి చీరల రంగు అంచులు దాటి పక్కకు కారినట్లు కనిపించింది. తప్పు టేపుది కాదని నాకు తర్వాత అర్థమైంది. 1995లో వచ్చిన డీవీ పద్ధతిలో, కెమెరా దృశ్యాన్ని తీస్తున్నప్పుడే అంకెలుగా మార్చి టేపు మీద రాస్తుంది. ఆ అంకెలను మళ్లీ అనలాగ్ సంకేతంగా మార్చి, దాన్ని ఇంకో యంత్రం చేత తిరిగి అంకెలు చేయించి, డీవీడీలు వాడే ఎంపెగ్-2 పద్ధతిలో కుదించడమంటే, పుస్తకం చేతిలో ఉండగా దాన్ని ఎవరి చేతనో చదివించుకుని, విని రాసుకోవడం వంటిది. మనం చేయవలసింది టేపు మీదున్నదాన్ని ఉన్నదున్నట్లుగా ఫైలుగా దించుకోవడమే.

దానికి దారి ఫైర్‌వైర్. కెమెరా పక్కన చిన్న రబ్బరు మూత కింద, డీవీ అనో ఐ.లింక్ అనో రాసి ఉండే 4 పిన్నుల పోర్టు అది. అదే కెమెరాకు యూఎస్‌బీ పోర్టు కూడా ఉండటంతో చాలామంది పొరబడతారు. ఎక్కువ మినీడీవీ కెమెరాల్లో దాన్ని మెమరీ కార్డులోని ఫొటోలు తీసుకోవడానికో, వెబ్‌క్యామ్‌గా వాడుకోవడానికో పెట్టారు, టేపులోని అసలు వీడియో దాని గుండా రాదు. ఒక కొసన ఫైర్‌వైర్, మరో కొసన యూఎస్‌బీ ఉన్న కేబుల్ ఆన్‌లైన్‌లో కనబడితే ఆశపడి నేనూ ఒకటి తెప్పించుకున్నాను. ఈ రెండు పద్ధతులు మాట్లాడుకునే తీరే వేరు కాబట్టి, మధ్యలో ఏ చిప్పూ లేని ఆ కేబుల్ తగిలించినా కంప్యూటర్‌కు కెమెరా ఉన్న సంగతే తెలియలేదు. చివరికి పాత డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు బిగించి, లినక్స్ వేసి, డీవీగ్రాబ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పని కానిచ్చాను. మ్యాక్‌లోని థండర్‌బోల్ట్ అనే పోర్టుకు అడాప్టర్లు వరుసగా తగిలించి అందులోకి దించుకునేవారు ఉన్నారు గాని, 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్ మద్దతునే తీసేశారు కాబట్టి ఆ దారిన వెళ్లేవారు పాత మ్యాక్‌ను అప్‌డేట్ చేయకుండా ఉంచుకోవడం మంచిది. ఇంకొక జాగ్రత్త: 6 పిన్నుల ఫైర్‌వైర్ పోర్టులో కరెంటు కూడా ప్రవహిస్తుంది, దాన్ని తలకిందులుగా బలవంతంగా గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు. కేబుల్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ కెమెరాను ఆపేసి ఉంచడం నేను నియమంగా పెట్టుకున్నాను.

కాపీ చేయడంలో తొందరకు తావు లేదు. 60 నిమిషాల క్యాసెట్‌కు 60 నిమిషాలూ పడుతుంది, గంటకు సుమారు 13 గిగాబైట్ల ఫైలు తయారవుతుంది. హార్డ్ డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 గిగాబైట్లకు మించిన ఫైలును అది ఒప్పుకోదు, కనుక 20 నిమిషాలైనా గడవకముందే పని ఆగిపోతుంది. ఇది మొదటి క్యాసెట్ మధ్యలో తెలిసింది.

ఎనిమిదో క్యాసెట్ దగ్గర అసలు గుండె జారింది. తెర మీద మా మేనత్త ముఖం అడ్డ పట్టీలుగా విడిపోయింది. నుదురు కదులుతోంది, కళ్లున్న పట్టీ ఎప్పటి క్షణం దగ్గరో బిగుసుకుపోయి ఉంది, దాని కింద నోరు మళ్లీ మామూలుగా మాట్లాడుతోంది. తెర ఆపి లెక్కపెడితే మొత్తం 12 పట్టీలు, వాటిలో ఒకటి విడిచి ఒకటి చచ్చిపోయాయి. టేపు పాడైందనే అనుకున్నాను గాని, ఆ లెక్కలోనే జవాబు ఉంది. కెమెరా లోపల నిమిషానికి 9,000 చుట్లు తిరిగే డ్రమ్ముకు రెండు హెడ్లు ఉంటాయి, అవి టేపు మీద వంతుల వారీగా ఒక్కొక్క ఏటవాలు గీతను చదువుతాయి. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో ఒక ఫ్రేము, అంటే వీడియోలోని ఒక్క నిశ్చల చిత్రం, అలాంటి 12 గీతల్లో సర్దుకుని ఉంటుంది కాబట్టి, సరిగ్గా సగం పట్టీలు పోయాయంటే ఒక హెడ్డు మీద మట్టి పట్టిందన్నమాట. పొడి క్లీనింగ్ క్యాసెట్‌ను పది సెకన్లు ఆడించి తీసేస్తే కళ్లు కదిలాయి. ఆ క్యాసెట్ హెడ్లను ఎంతో కొంత అరగదీస్తుంది కాబట్టి ఒకటికి రెండుసార్లు ఆడించాలన్న ఉత్సాహాన్ని అణచుకోవాలి. అప్పటి నుంచి ప్రతి క్యాసెట్‌ను ముందుగా చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టాకే ప్లే నొక్కుతున్నాను. ఏళ్ల తరబడి కదలని టేపు బిగువు అలా కొంత సర్దుకుంటుంది.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది బొమ్మ నాణ్యత కూడా కాదు, తేదీలు. డీవీ టేపు మీద ప్రతి ఫ్రేముతోపాటు, అది తీసిన తేదీ, సమయం సెకన్లతో సహా నమోదై ఉంటాయి. పసుపు తీగ గుండా తీసిన డీవీడీలో అవి పోతాయి, ఫైర్‌వైర్ గుండా దించిన ఫైలులో నిలుస్తాయి. డీవీగ్రాబ్‌కు చెబితే, రికార్డింగు ఆగి మళ్లీ మొదలైన ప్రతి చోటా ఫైలును విడగొట్టి, ఆ తేదీనే పేరుగా పెడుతుంది. “చిన్నోడి పుట్టినరోజు, 2003” అని నాన్నగారు చేత్తో రాసిన క్యాసెట్ 2004 నాటిదని అలా తేలింది. ఆయన ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. గడియారపు బిళ్ల బ్యాటరీ అయిపోయాక తీసిన రెండు క్యాసెట్లలో మాత్రం కాలమంతా జనవరి 1 దగ్గరే తచ్చాడుతోంది, వాటికి తేదీలు మనుషులను అడిగి రాసుకోవలసిందే.

మినీడీవీ కన్నా పాతవైన వీడియో8, హై8 క్యాసెట్లు ఉన్నవారి సంగతి వేరు, వాటిలో ఉన్నది అనలాగే. 1999లో సోనీ తెచ్చిన డిజిటల్8 కెమెరాల్లో కొన్ని ఆ పాత టేపులను కూడా చదివి ఫైర్‌వైర్ గుండా డీవీగా పంపగలవు, అటువంటిది దొరికితే వదలకూడదు.

దించుకున్న అసలు ఫైళ్లను నేను కుదించలేదు, రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచాను. ఇంట్లో వాళ్లు ఫోన్లలో చూసుకోవడానికి మాత్రం ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో ఇంటర్‌లేసింగ్ (ఒక్కో ఫ్రేమును సరి, బేసి వరుసల రెండు సగాలుగా, అంటే ఫీల్డులుగా, తీసే పద్ధతి) తీసేసి, సెకనుకు 50 ఫ్రేములుగా హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో వేరే ప్రతులు చేశాను. డీవీలో ప్రతి ఫ్రేమూ కింది ఫీల్డుతో మొదలవుతుంది. ఆ క్రమాన్ని పొరబాటున తిరగేస్తే, నడిచే మనిషి అడుగు ముందుకు వేసి అర అడుగు వెనక్కి వేస్తున్నట్లు వణుకుతాడు.

పని పూర్తయిన క్యాసెట్ల వెనుక ఉండే చిన్న మీటను రెక్ నుంచి సేవ్ వైపు జరిపి మళ్లీ పెట్టెలో పెట్టాను. నిజానికి ఆ మీట మొదటే జరపవలసింది, వేలు జారి రికార్డు బటన్ మీద పడే ప్రమాదం ఉన్నది ఆడించేటప్పుడే గదా. 22 క్యాసెట్లు అయ్యాయి. మిగిలిన ఒకదాన్ని ఎల్‌పీ వేగంతో, అంటే ఒకే టేపులో ఎక్కువసేపు పట్టేలా దాన్ని నెమ్మదిగా నడిపించి, తీశారు. మామూలుగా 10 మైక్రాన్ల వెడల్పుండే గీత అందులో 6.7 మైక్రాన్లకు సన్నబడుతుంది కాబట్టి, వేరే కెమెరా తీసిన ఆ టేపు మా కెమెరాకు కొరుకుడు పడటం లేదు, తెర నిండా గళ్లే కనిపిస్తున్నాయి. దాన్ని తీసిన కెమెరా మా బాబాయి దగ్గర ఉంది. దాని చార్జర్ కోసం ఆయన ఇల్లంతా వెతుకుతున్నారు.