రెండు పడవల రోజులు పోయాక

మా సార్ల తరానికి ఈ గొడవే లేదు. పొద్దున ప్రభుత్వాసుపత్రిలో ఓపీ, రౌండ్లు, పీజీలకు చీవాట్లు. సాయంత్రం హిమాయత్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో సొంత క్లినిక్. 2022లో తెలంగాణ ప్రభుత్వం రూల్ మార్చింది, కొత్తగా ఉద్యోగంలో చేరే డాక్టర్లు ప్రైవేట్ ప్రాక్టీస్ చేయకూడదని. నేను సర్జరీలో ఎస్ఆర్‌షిప్ (పీజీ తర్వాత చేసే సీనియర్ రెసిడెంట్ ఉద్యోగం) ముగించి ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చేరి అప్పటికి ఏడాది. ఆ డిసెంబర్‌లోనే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అటో ఇటో తేల్చుకోక తప్పలేదు.

ప్రైవేట్‌లో ఏదో కష్టపడిపోయానని చెప్పను. ఆడ సర్జన్ ఉందని తెలిస్తే చాలు, రొమ్ములో గడ్డనో, పైల్స్‌నో ఏళ్ల తరబడి దాచుకున్న ఆడవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఒకావిడ రక్తం పోతున్నా కొడుక్కి చెప్పుకోలేక, హిమోగ్లోబిన్ 6కి పడిపోయాక వచ్చింది. నయమై వెళ్లాక తన వీధిలోంచి నలుగురిని పంపింది.

మొదటి ఏడాది మినిమం గ్యారంటీ. కేసులున్నా లేకపోయినా నెలకు ఇంత అని ఇచ్చేవారు. అది అయిపోగానే చేసిన కేసులను బట్టి పర్సంటేజ్, దాంతోపాటే సోమవారం మీటింగులు. "మేడమ్, ఓపీలో ఇంతమందిని చూశారు, అడ్మిషన్లు తొమ్మిదేనా?" అని ఎంబీఏ కుర్రాడు ఎక్సెల్ షీట్ ముందు పెట్టేవాడు. హెర్నియా ఉన్నవాళ్లకే కదా నాయనా హెర్నియా ఆపరేషన్ చేసేది, అనుకునేదాన్ని. పైకి అనలేదు, ఈఎంఐలున్నాయి.

అయినా నన్ను కదిపింది ఆ మీటింగులు కాదు. ఒకరోజు గాల్‌బ్లాడర్ తీసేసే కేసు, ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసేది. అందులో భయమంతా కెలాట్స్ ట్రయాంగిల్ దగ్గరే, గాల్‌బ్లాడర్ గొట్టం, రక్తనాళం ఉండే చోటు అది. గాల్‌బ్లాడర్ కింది భాగాన్ని లివర్ నుంచి విడదీసి, దాంట్లోకి వెళ్లేవి రెండే రెండు, ఒకటి డక్ట్, ఒకటి ఆర్టరీ, అని కంటికి స్పష్టంగా కనబడేదాకా వాటిని మూసే క్లిప్ వేయకూడదు. తొందరపడి కామన్ బైల్ డక్ట్‌ని, అంటే లివర్ నుంచి పేగుకు పిత్తం మోసే అసలు గొట్టాన్ని కోశామా, ఆ పేషెంట్‌కి ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరగడమే పని. నేను అలవాటు కొద్దీ "చూడు, వెనక లివర్ కనిపిస్తోందా? మూడోదేమైనా ఉందా?" అంటున్నా. కెమెరా పట్టుకున్న టెక్నీషియన్ "క్లిప్ ఇవ్వమంటారా మేడమ్?" అన్నాడు. పాపం, పనిమంతుడే. నేను మాట్లాడుతున్నది అక్కడ లేని పీజీతో.

ఇంట్లో పంచాయితీ నెల రోజులు నడిచింది. "ఇంత చదివి మళ్లీ జీతానికా?" అని నాన్న. "సర్కారు నౌకరీ వస్తే ఇడిచిపెడ్తరా ఎవరన్న?" అని అత్తమ్మ. మా ఆయన ఏమీ అనకుండా లోన్ స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టాడు. మా పాత యూనిట్ చీఫ్ దగ్గరికెళ్తే ఆయన టీ చెప్పి, "కోయడం ఎక్కడైనా కోస్తావమ్మా. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే నాలుగేళ్లు ఆగాలి, పేపర్లు పబ్లిష్ చేయాలి, ఇన్‌స్పెక్షన్ వస్తే ఫైళ్లు మోయాలి. ఆ ఓపిక ఉందా లేదా చూసుకో" అన్నారు. అంతమందిలో పనికొచ్చే ప్రశ్న వేసింది ఆయనొక్కరే.

పరీక్ష లేదు, ఎంపిక మార్కుల మీదే. కాగితాలకే ఎక్కువ తిరిగాను. ఎంఎస్ డిగ్రీని మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకుని ఉండాలి, ఎస్ఆర్‌షిప్ సర్టిఫికెట్‌లో తేదీలు సరిగ్గా ఉండాలి. నాదాంట్లో ఒక తేదీ తప్పు పడింది, అది దిద్దించడానికే రెండు వారాలు. ఆర్డర్ వచ్చాక ఆసుపత్రివాళ్లకు మూడు నెలల నోటీసు ఇచ్చానా, చివరి నెల డబ్బులు ఆపేశారు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "ప్రాసెస్‌లో ఉంది మేడమ్". ఇప్పటికీ ప్రాసెస్‌లోనే ఉంది.

చేతికొచ్చేది సగానికి తగ్గింది. కారు మార్చే ఆలోచన మానేశాం. ఆరోగ్యశ్రీ అప్రూవల్ రాలేదని, లేదంటే థియేటర్ ఖాళీ లేదని కేసు వాయిదా పడితే పేషెంట్ తమ్ముడితో తిట్లు తినేది నేనే.

పోయినవారం సెకండియర్ పీజీకి ల్యాప్ కోలీ, అదే ఆ గాల్‌బ్లాడర్ ఆపరేషన్, ఇచ్చి కెమెరా నేను పట్టుకున్నా. నేనైతే నలభై నిమిషాల్లో ముగించేదాన్ని, గంటన్నరయినా తను ఇంకా ట్రయాంగిల్ దగ్గరే ఉంది. అనస్థీషియా మేడమ్ గడియారం చూస్తున్నారు. ఆ పిల్ల చేతిలోంచి పరికరం లాక్కోవాలని నా వేళ్లు ఒకటే తహతహ. "మూడోదేమైనా ఉందా?" అని అడిగా.

చాలాసేపు చూసింది. "ఉన్నట్టుంది మేడమ్."

"అయితే క్లిప్ అడగకు. ఇంకాస్త విడదియ్యి" అన్నా.