మేకు నిలిచే గోడ కోసం నెల్లూరు నుంచి పెరుంబాక్కం దాకా

ఈ ప్రయాణానికి కారణం మా పిన్ని వాళ్ల బాత్రూం గోడ. కొన్నేళ్ల కిందట పిన్నికి ప్రభుత్వ స్కీములో ఒక ఫ్లాటు వచ్చింది. ఇటుక అన్నది లేకుండా గోడా శ్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోసి కట్టిన ఇల్లు. గట్టిగా ఉంటుంది, త్వరగా అయిపోతుంది, అదంతా నిజమే. కానీ గోడ లోపల పైపు కారడం మొదలయ్యాక వచ్చిన ప్లంబరు చేత్తో తడిమి చూసి, "ఇది కొడితే ఏమవుద్దో నాకు తెలీదమ్మా" అని సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన ఇద్దరూ అంతే. మా నాన్న నలభై ఏళ్లు తాపీ పని చేసిన మేస్త్రీ, ఆయన కూడా ఆ గోడ ముందు చాలాసేపు నిలబడి వెనక్కి వచ్చేశారు. "కొత్త రకం గోడ కట్టడానికి డబ్బు పెట్టారు, దాన్ని బాగుచేయడం ఎవరికన్నా నేర్పడానికి పెట్టలేదా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వ డబ్బుతో కొత్త పద్ధతుల్లో కట్టిన ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, రెండు జతల బట్టలు సర్దుకుని, ఇద్దరం బయల్దేరాం.

మొదట నెల్లూరు. అక్కడ కొత్త నిర్మాణ పద్ధతుల్ని ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ కట్టించిన 36 నమూనా ఇళ్లున్నాయి, కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. గోడలు జీఎఫ్ఆర్‌జీ పలకలు, అంటే గాజు నార కలిపిన జిప్సం. ఎరువుల ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం తయారయ్యేటప్పుడు మిగిలే జిప్సం గుట్టలు గుట్టలుగా పేరుకుపోతుంది కదా, ఆ వ్యర్థంతోనే చేస్తారు. ఒక్కో పలక 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, మందం మాత్రం 124 మిల్లీమీటర్లే. లోపలంతా నిలువు గదుల్లా డొల్లగా ఉంటుంది, అవసరమైన చోట ఆ గదుల్లో ఇనుప ఊచలు దించి కాంక్రీటు పోస్తారు. పలకలు ఫ్యాక్టరీ నుంచి కిటికీ, తలుపు సైజులకు కోసి వస్తాయి, క్రేన్‌తో నిలబెట్టడమే. బయటి గోడ ఒకటి తట్టి చూసుకుంటామని అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగితే చూసుకోమన్నారు. నాన్న వేలి కణుపుతో అడుగడుగునా తట్టుకుంటూ వెళ్లారు. ఒకచోట దిట్టంగా, ఒకచోట గుల్లగా మోగింది. "ఇక్కడ నింపారు, ఇక్కడ నింపలేదు" అని వేలితో గీత గీసి చూపించారు. రెండు రోజులు దగ్గర కూర్చోబెట్టి చెబితే ఏ మేస్త్రీ అయినా పట్టుకోగలిగిన విద్య ఇది, నాకు అక్కడే అనిపించింది.

మధ్యాహ్నం రైలెక్కి చెన్నై. ఈ పలకల పుట్టుక ఆస్ట్రేలియాలోనే అయినా, భూకంపాలూ ఎక్కువ అంతస్తులూ తట్టుకునేలా మన దేశానికి డిజైను తయారుచేసింది ఐఐటీ మద్రాసు వాళ్లు. 2013లో క్యాంపస్‌లోనే నాలుగు ఫ్లాట్లున్న రెండంతస్తుల ఇల్లు కట్టి చూపించారు. తెలిసిన కుర్రాడొకడు లోపల చదువుతుంటే వాడి పుణ్యమా అని వెళ్లి చూశాం. దారిలో జింకలు అడ్డం వచ్చినా నాన్న వాటివైపు చూడలేదు, బిల్డింగు చుట్టూ తిరిగి మూలలు చూసుకుని వచ్చారు.

మర్నాడు పొద్దున షోళింగనల్లూరు మీదుగా పెరుంబాక్కం వెళ్లాం. నేను అసలు చూడాలనుకున్నది ఇదే. 2021 జనవరి 1న దేశంలో ఆరు ఊళ్లలో లైట్ హౌస్ ప్రాజెక్టులకి, అంటే కొత్త పద్ధతుల్లో కట్టి చూపించే ప్రభుత్వ ఇళ్లకి శంకుస్థాపన చేశారు, ఇండోర్, రాజ్‌కోట్, చెన్నై, రాంచీ, అగర్తలా, లక్నో. ఒక్కో ఊళ్లో ఒక్కో పద్ధతి. రాంచీలో గదికి గది పెట్టెలా పోతపోసి ఒకదాని మీద ఒకటి పేర్చారు, లక్నోలో ఉక్కు చట్రానికి పీవీసీ అచ్చులు బిగించి అందులో కాంక్రీటు పోసి వాటిని అలాగే వదిలేశారు. చెన్నైలో, అంటే ఈ పెరుంబాక్కంలో, స్తంభాలు, దూలాలు, శ్లాబు ముక్కలు, మెట్లు అన్నీ విడిగా పోతపోసి సైటులో బిగించారు. 1152 ఇళ్లు, 116 కోట్లు, 2022 మే 26న ప్రారంభం. అంటే పని మొదలుపెట్టి ఏడాదిన్నర కూడా కాలేదు, అదీ మధ్యలో కరోనా రెండో వేవ్ ఉండగా. ఇక్కడి స్తంభాలు లోపల డొల్లగా ఉంటాయి, నిలబెట్టాక వాటిలో తనంతట తానే సర్దుకునే పల్చటి కాంక్రీటు నింపుతారు. సెంట్రింగు కర్రలు లేవు, శ్లాబు కింద రోజుల తరబడి ఎదురుచూడటం లేదు. నాన్నకి ఇది చెబితే మెట్ల కింద నిలబడి అతుకు ఎక్కడుందా అని పైకి చూస్తూనే ఉన్నారు.

ఇక్కడ డబ్బు సంగతి చెప్పాలి, నాకు ముఖ్యం అనిపించింది అదే. కొత్త పద్ధతి మొదటిసారి ఎప్పుడూ ఖరీదే. అచ్చులు కొత్తగా చేయించాలి, క్రేన్ తెచ్చుకోవాలి, పనివాళ్లు చెయ్యి తిరిగేదాకా పని నెమ్మది, పైగా ఆ ఖర్చంతా వెయ్యి ఇళ్ల మీదే పడుతుంది. ఇంకో తిరకాసు, గవర్నమెంటు ఇంజినీరు ఎస్టిమేట్ వేయాలంటే షెడ్యూల్ ఆఫ్ రేట్స్‌లో, అంటే సర్కారు పనుల రేట్ల పట్టికలో, ఆ పనికి రేటు ఉండాలి. రేటు లేనిదానికి ఎస్టిమేట్ వేసి రేపు ఆడిట్‌లో ఎవరు సమాధానం చెబుతారు? అందుకని ఆయన పాత ఇటుకే రాస్తాడు, ఆయన్ని తప్పుపట్టలేం. ఈ మొదటి మెట్టు ఎక్కించడానికే లైట్ హౌస్ ఇళ్లకి పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) కింద ఇచ్చే లక్షన్నర కాకుండా టెక్నాలజీ ఇన్నోవేషన్ గ్రాంట్ అని వేరే ఇచ్చారు. ఇప్పుడు నడుస్తున్న పీఎంఏవై 2.0లో కూడా, కొత్త పద్ధతుల్లో, ప్రభుత్వ, ప్రైవేటు సంస్థల భాగస్వామ్యంతో కట్టే ప్రాజెక్టులకి చదరపు మీటరుకి 1,000 రూపాయల చొప్పున, ఇంటికి 30 చదరపు మీటర్ల దాకా ఇస్తున్నారు, అంటే మహా అయితే ముప్పై వేలు. ఈ డబ్బు దండగ అనేవాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. ప్రయోగం రిస్కు అందరి పన్నుల మీద పడాలి గానీ, ఉన్న ఒక్క ఇంటినీ నమ్ముకున్న కుటుంబం మీద కాదు.

కానీ ఈ గ్రాంటు లెక్కంతా కట్టడం దగ్గరే ఆగిపోతోంది. కడుతున్నప్పుడు టెక్నోగ్రాహి అని పేరుపెట్టి విద్యార్థులకీ ఇంజినీర్లకీ సైటులో చూపించారు, మంచి పని. పిన్ని ఇంటికి వచ్చేది మాత్రం ఇంజినీరు కాదు, సందు చివర ఉండే ప్లంబరు.

రెండో అంతస్తులో ఒకావిడ తెలుగులో పలకరించారు, రండయ్యా లోపలికి అని. ఒక హాలు, ఒక పడకగది, వంటిల్లు, చిన్న బాల్కనీ. నాన్న అడిగింది ఒకటే, "మేకు దిగుతుందా అమ్మా?" ఆవిడ నవ్వి హాల్లో ఓ మూల చూపించారు. ఇక్కడ స్తంభాలూ దూలాలే గట్టి కాంక్రీటు, గదుల మధ్య అడ్డగోడలు ఏఏసీ బ్లాకులు, గాలి బుడగలతో తేలిగ్గా ఉండే తెల్లటి బ్లాకులు. మేకు సుత్తి రెండు దెబ్బలకే వెన్నలోకి దిగినట్టు దిగిందట, గడియారం తగిలించిన మూడో రోజుకి ఊడి వచ్చేసిందట. నాన్న ఆ రంధ్రంలో వేలు పెట్టి రాలిన పొడి తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు. గోడ తప్పు కాదు, మేకు తప్పు, దీనికి పొడవాటి స్క్రూ, దానికి తగ్గ ప్లాస్టిక్ ప్లగ్గు కావాలి, అన్నారు. నేను కిందకి వెళ్లి వెతికి తెచ్చేసరికి అరగంట పట్టింది. ఈలోగా పక్కింటివాళ్లు ఇద్దరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పక్కన కొత్త చోట చిన్న డ్రిల్లు మిషనుతో, దెబ్బ కొట్టే హ్యామర్ మోడ్ ఆపేసి, మెల్లగా రంధ్రం వేసి ప్లగ్గు దించి స్క్రూ బిగించారు. గడియారం పెట్టాక గట్టిగా లాగి చూశారు, కదల్లేదు. ఆ ఇద్దరిలో ఒకాయన డ్రిల్లు అడిగి తీసుకుని, ఏ బిట్టు వాడారో చూసుకున్నాడు.

తిరుగు రైల్లో నాన్న టికెట్టు వెనక పెన్సిల్‌తో డొల్ల స్తంభం బొమ్మ వేశారు, కింద దూలం, దానిమీద శ్లాబు ముక్క, అతుకు దగ్గర ప్రశ్నార్థకం. గూడూరు దాటాక తలెత్తి అడిగారు, "ఆ చూపించే క్లాసులేవో మా బోటి మేస్త్రీలకి పెట్టమని ఎవరికి రాయాలిరా?" ఇంటికి రాగానే ఇద్దరం కూర్చుని మునిసిపల్ కమిషనర్‌కి ఒకటి, హౌసింగ్ శాఖకి ఒకటి రాశాం. పిన్ని గోడ ఫోటో కూడా జతచేశాం.