ఫోన్ నంబర్ మారిస్తే తేదీ ఖాళీ లేదంది: జాంగో ఫామ్‌తో నా అనుభవం

నిన్న రాత్రే తేలింది, మర్చిపోకముందే రాసేస్తున్నా. గాజువాకలో ఒక ఫంక్షన్ హాల్‌కి జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నా. మోడల్స్ (డేటాబేస్ టేబుళ్ల నమూనాలు), లాగిన్, అడ్మిన్ రెండ్రోజుల్లో అయిపోయాయి. ఒక హాల్ ఒకే తేదీకి ఇద్దరికి వెళ్లకూడదు కదా, అందుకని ఫామ్‌లో నింపింది సరిగ్గా ఉందో లేదో చూసే క్లీన్ మెథడ్‌లో బుకింగ్ టేబుల్‌ని వెతికి, ఉంటే వాలిడేషన్ ఎర్రర్ ఇచ్చేలా రాశా. కొత్త బుకింగులకి బాగానే పనిచేసింది.

సోమవారం ఓనర్ గారికి చూపిస్తుంటే ఒక పెళ్లికూతురి నాన్నగారు వచ్చారు. ముహూర్తం మారలేదు, ఫోన్ నంబర్ ఒక్కటే మార్చాలట. "నీ దాన్లోనే మార్చు బాబూ" అన్నారు ఓనర్ గారు. మార్చి సేవ్ నొక్కితే ఎర్రక్షరాల్లో "ఈ తేదీకి హాల్ ఖాళీ లేదు" అని వచ్చింది. పెద్దాయన ముఖం పాలిపోయింది. "ఏటి బాబూ, అడ్వాన్స్ కట్టీసాం గదా, ఇంకెవరికిచ్చీసారు?" ఆయన చెయ్యి వణకడం చూశా. ఓనర్ గారు ఏమీ అనకుండా రిజిస్టర్ తీసి, పాత నంబర్ కొట్టేసి పక్కన కొత్తది రాసి ఆయన్ని పంపించారు. తర్వాత నా వైపు చూడను కూడా చూడలేదు.

టేబుల్లో దొరికింది ఆయన బుకింగే అని బస్సు ఎన్ఏడీ జంక్షన్ దాటేలోపే అర్థమైంది. మా సీనియర్‌కి ఫోన్ చేస్తే బుకింగ్ ఐడీని ఫామ్‌లో కనబడని హిడెన్ ఫీల్డ్‌లో పెట్టెయ్యమన్నాడు. అది బ్రౌజర్‌లో ఎవరైనా మార్చేయొచ్చు, అలాంటి సలహా ఇచ్చేవాళ్లని అస్సలు నమ్మకండి. మోడల్‌ఫామ్‌లో (మోడల్ నుంచి తయారయ్యే ఫామ్) సెల్ఫ్ డాట్ ఇన్‌స్టన్స్ ఉంటుంది, అంటే ఇప్పుడు ఎడిట్ చేస్తున్న బుకింగ్. దాని పీకేని (ప్రైమరీ కీ, అంటే ఆ ఐడీనే) వెతుకులాటలోంచి ఎక్స్‌క్లూడ్ చేస్తే చాలు, కొత్త బుకింగ్‌కి పీకే నన్ (ఖాళీ) కాబట్టి ఇబ్బంది లేదు.

పెట్టా. అయినా అదే ఎర్రర్! రెండు రాత్రులు ఫామ్‌నే తిరగేశా, చివరికి క్లీన్‌లో పీకే ప్రింట్ చేస్తే ఎడిట్‌లో కూడా నన్ అనే వచ్చింది. తప్పంతా వ్యూలో (రిక్వెస్ట్ అందుకుని ఫామ్‌ని నడిపే కోడ్) ఉంది. గెట్‌కి (పేజీ తెరిచినప్పుడు) ఇన్‌స్టన్స్ ఇచ్చా, పోస్ట్‌లో (సేవ్ నొక్కినప్పుడు) మాత్రం నింపిన డేటా ఉండే రిక్వెస్ట్ డాట్ పోస్ట్ ఒక్కటే ఇచ్చి వదిలేశా, దాంతో ఫామ్ దాన్ని కొత్త బుకింగ్ అనుకుంటోంది. నిజానికి ఆ ఎర్రరే రాకపోయుంటే అదే పెళ్లి రెండోసారి సేవ్ అయిపోయేది, ఆ ఎర్రర్ వల్లే బతికిపోయాం. టెస్టులు రాస్తే ఎడిట్‌కి కూడా రాయండి దయచేసి, నేను చేరిన కోచింగ్ సెంటర్‌లో ఆ మాటే ఎత్తలేదు.

ఇంకా, తేదీని క్లీన్డ్ డేటా (సరిచూసిన విలువల డిక్షనరీ) లోంచి డాట్ గెట్‌తో తియ్యండి, తేదీ తప్పుగా కొడితే ఆ కీయే ఉండదు. పాత తేదీ కావాలంటే క్లీన్ లోపలే పట్టుకోండి, ఫామ్‌ని సరిచూసే ఈజ్ వ్యాలిడ్ అయ్యాక ఇన్‌స్టన్స్‌లో కొత్తది వచ్చేస్తుంది. రెండు కౌంటర్లలో ఒకేసారి నొక్కితే క్లీన్ ఆపలేదు, అందుకే డేటాబేస్‌లో యూనిక్ కన్‌స్ట్రైంట్ (అదే హాల్, అదే తేదీ రెండోసారి చేరకుండా ఆపే నియమం) కూడా పెట్టా.

ఈరోజు పొద్దున్నే వెళ్లి ఆ పెద్దాయన నంబర్ మార్చా, సేవ్ అయింది. ఓనర్ గారు రిజిస్టర్‌తో అంకె అంకె సరిచూసుకుని "రెండు నెలలు రెండూ నడుపుదాం" అన్నారు.